ఇంటి గడప నుంచి జెనీవా దాకా: వ్యాధి వార్త ఎలా నడుస్తుంది?



మీరిచ్చే జకాత్, సదఖా డబ్బులో కొంత భాగం ఏటా రోగుల కోసం ఖర్చవుతుంది. మందులు, ఆస్పత్రి ప్రయాణం, ఆపరేషన్‌కు సాయం, మంచాన పడినవారి ఇంటికి రేషన్. ఇదంతా రోగం వచ్చిన తరువాత చేసే పని. రోగం ఊరంతా పాకక ముందే పసిగట్టే ఏర్పాటు ఒకటి ప్రభుత్వంలో ఉంది. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తెగిపోతుంది, మనం ఎక్కడ ఆసరా కాగలం అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు రాష్ట్రాల మధ్య ఒక రోగి

2020 ఫిబ్రవరి 29న కలబురగికి చెందిన 76 ఏళ్ళ పెద్దాయన సౌదీ అరేబియా నుంచి తిరిగి వచ్చారు. వచ్చినప్పుడు ఆరోగ్యంగానే ఉన్నారు. కొన్ని రోజులకు జబ్బుపడ్డారు. మొదట ఇంట్లోనే వైద్యం జరిగింది. మార్చి 9న కలబురగిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. కరోనా అనుమానంతో నమూనా తీసి బెంగళూరు ల్యాబ్‌కు పంపారు. ఫలితం రాకముందే కుటుంబ సభ్యులు ఆయనను హైదరాబాద్‌కు తీసుకువెళ్ళారు. అక్కడి నుంచి తిరిగి వస్తుండగా మార్చి 10వ తేదీ రాత్రి ఆయన చనిపోయారు. 12వ తేదీన ఫలితం వచ్చింది. భారతదేశంలో కోవిడ్‌తో సంభవించిన మొదటి మరణంగా అది నమోదైంది. హైదరాబాద్‌లో కూడా వైద్యం జరిగింది కాబట్టి కర్ణాటక అధికారులు తెలంగాణకు సమాచారం ఇచ్చారు. ఆయనను తాకినవారు, మోసినవారు, చూసిన వైద్యులు ఎవరెవరో రెండు రాష్ట్రాల్లోనూ వెతకవలసి వచ్చింది.

ఇందులో కుటుంబాన్ని తప్పుపట్టేది ఏమీ లేదు. తండ్రికి బాగాలేకపోతే మనమూ హైదరాబాద్‌కే పరుగెత్తుతాం. గమనించవలసింది ఒక్కటే. రోగి ముందు ప్రయాణించారు, వార్త వెనుక నడిచింది. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులు పోతే రోగానికి అన్ని దారులు దొరుకుతాయి.

ఈ సంగతి మొగుడంపల్లివారికి ప్రత్యేకంగా చెప్పాలి. కలబురగి వైపు నుంచి హుమ్నాబాద్ మీదుగా హైదరాబాద్ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మన మండలం గుండానే పోతుంది. మాడ్గి చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. నిజాం కాలంలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, జహీరాబాద్ మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. పటంలో గీత మారింది గాని మన పెళ్ళిసంబంధాలు, సంతలు, ఆస్పత్రులు ఆ గీతను ఒప్పుకోలేదు. ఈనాటికీ మనలో చాలామంది వైద్యానికి బీదర్ వెళతారు. మనవాడికి బీదర్‌లో డెంగీ తేలితే ఆ లెక్క మొదట కర్ణాటక కాగితంలో పడుతుంది. దోమలు మాత్రం మన ఇంటి తొట్టిలోనే ఉంటాయి. అక్కడి కబురు ఇక్కడికి చేరితేనే ఇక్కడ మందు కొడతారు.

నిఘా అంటే ఏమిటి?

నిఘా అనే మాట వినగానే పోలీసు గుర్తుకొస్తాడు. వ్యాధి నిఘా అది కాదు. ఎవరు జబ్బుపడ్డారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ లక్షణాలతో అన్నది క్రమం తప్పకుండా రాసుకోవడం, పోయిన వారంతో పోల్చడం, తేడా కనిపిస్తే వెంటనే కదలడం. ఈ మూడే వ్యాధి నిఘా.

1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు లక్షలాది జనం ఊరు విడిచి పారిపోయారు. నిజంగా ఎంతమందికి సోకిందో సకాలంలో చెప్పగల ఏర్పాటు అప్పుడు సరిగా లేదు. పుకారు ముందు పోయింది. ఆ అనుభవం తరువాత 1997లో అంటువ్యాధుల నిఘా కార్యక్రమం మొదలైంది. 2004 నవంబరులో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం వచ్చింది. మొదటి విడతలో చేరిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం దీన్ని నడుపుతుంది.

ఇందులో సమాచారం మూడు రకాల ఫారాల్లో సాగుతుంది.

మొదటిది ‘ఎస్’ ఫారం. ఏఎన్ఎం వంటి క్షేత్రస్థాయి సిబ్బంది లక్షణాలు చూసి నింపేది ఇది. జ్వరం ఏడు రోజుల లోపా, ఆ పైనా? ఒంటిమీద దద్దుర్లు ఉన్నాయా? రక్తస్రావం ఉందా? దగ్గు మూడు వారాలు దాటిందా? నీళ్ళ విరేచనాలా? కామెర్లా? పిల్లల్లో ఉన్నట్టుండి కాళ్ళు చేతులు చచ్చుబడ్డాయా? రోగం పేరు తేలనవసరం లేదు, లక్షణం చాలు.

రెండోది ‘పి’ ఫారం. డాక్టరు రోగిని చూసి ఇది ఫలానా జబ్బు కావచ్చని రాసేది. ప్రైవేటు ఆస్పత్రులు కూడా ఇవ్వవలసినదే.

మూడోది ‘ఎల్’ ఫారం. ల్యాబ్ పరీక్షలో రుజువైన లెక్క.

ఈ లెక్కలు ఉపకేంద్రం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి సంగారెడ్డిలోని జిల్లా నిఘా విభాగానికి, తరువాత హైదరాబాద్‌కు, ఢిల్లీకి పోతాయి. మొదట్లో ఇదంతా సోమవారం నుంచి ఆదివారం వరకు వారానికొకసారి కాగితాల మీద సాగేది. 2018 చివరలో కొన్ని రాష్ట్రాల్లో, 2021 ఏప్రిల్ 5 నుంచి దేశమంతటా కొత్త ఆన్‌లైన్ వేదిక వచ్చింది. అంతకుముందు 18 వ్యాధుల లెక్క ఉంటే ఇందులో 33 వ్యాధులు చేరాయి. ఊరి పేరుతో సహా, ఏ రోజు లెక్క ఆ రోజే పైకి చేరే వీలు కలిగింది. ఇవి కాక, పత్రికల్లో వచ్చే అంటువ్యాధుల వార్తలను చదివి, నిజమా కాదా అని జిల్లాను అడిగే విభాగం 2008 నుంచి ఢిల్లీలో పనిచేస్తోంది.

ఢిల్లీ దగ్గరే ఈ దారి ఆగదు. 2007 జూన్ 15 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, ఇతర దేశాలకు ప్రమాదం కాగల సంఘటనను ప్రతి దేశమూ 48 గంటల్లో బేరీజు వేయాలి. ప్రమాదమని తేలితే 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలి. ఆ సంస్థ కార్యాలయం జెనీవాలో ఉంది. ఆ గడియారం నడవాలంటే ముందు ఒక ఊళ్ళో, ఒక ఇంట్లో, ఒకరు నోరు విప్పాలి.

అంకెను ఎలా చదవాలి?

ఒక ఊళ్ళో ఈ వారం పన్నెండు జ్వరాలు నమోదయ్యాయనుకుందాం. అది ఎక్కువా, తక్కువా? ఒక్క అంకెతో చెప్పలేం. వానాకాలంలో అక్కడ ప్రతి వారం పది, పన్నెండు మామూలే అయితే కంగారు లేదు. ఎండాకాలంలో ఇద్దరు ముగ్గురికి మించని చోట పన్నెండు వస్తే కదలాలి. ఆ చోట, ఆ కాలంలో మామూలుగా వచ్చేదానికన్నా ఎక్కువ రావడమే వ్యాధి ప్రబలడం. అందుకే ఏమీ లేని వారం కూడా ‘సున్న’ అని రాసి పంపమంటారు. సున్న రాయకపోతే రోగం లేదో, రాసేవారు లేరో తెలియదు.

కొన్నింటికి పోలిక అక్కరలేదు, ఒక్కటి చాలు. కలరా ఒక్కటి, పోలియో అనుమానం ఒక్కటి తేలినా కదలాలి. ఐదేళ్ళు దాటిన మనిషి విరేచనాలతో తీవ్రంగా నీరసించినా, చనిపోయినా ఆ ఒక్క కేసే గంట. పెద్దవారు మామూలు విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చుకోరు, అందుకే అది కలరా సూచన కావచ్చు.

గంట మోగాక జిల్లా నుంచి సత్వర స్పందన బృందం వస్తుంది. వారు మొదట చేసే పని జాబితా రాయడం. వయసు, వాడ, జబ్బు మొదలైన రోజు, తాగిన నీళ్ళు, తిన్న తిండి. మన వలీమా దావత్ సంగతే తీసుకోండి. భోంచేసిన వారిలో చాలామందికి అదే రాత్రి వాంతులు మొదలై మరునాటికి తగ్గితే, అందరికీ ఒకేచోట నుంచి వచ్చిందని అర్థం. ఏ వంటకం తిననివారు బాగున్నారో చూస్తే దోషి దొరుకుతుంది. అలాకాక ఒక ఇంట్లో ఇద్దరు, నాలుగు రోజులకు పక్కింట్లో ముగ్గురు, వారానికి మరో వీధిలో ఐదుగురు అయితే మనిషి నుంచి మనిషికి పాకుతోందని అర్థం. మొదటిదానికి గిన్నె ఆపాలి, ట్యాంకు కడగాలి. రెండోదానికి రోగిని విడిగా ఉంచాలి. జాబితా లేకుండా ఏది చేయాలో తెలియదు.

2020 డిసెంబరులో ఏలూరు వన్ టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో బాధితులు ఆరువందలు దాటారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు. ఏ రోగమో ఎవరికీ తెలియని ఆ సమయంలో లక్షణాల జాబితాయే దారి చూపింది. రక్త పరీక్షల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ తేల్చింది. పురుగుమందుల అవశేషాల మీదా పరిశోధన సాగింది. అంటురోగం కాదని తేలడం కూడా నిఘా చేసిన మేలే.

నాలాలో దొరికిన కబురు

రోగి లేకుండానే రోగాన్ని పట్టిన సంఘటన మన హైదరాబాద్‌లోనే ఉంది. పోలియో వైరస్ సోకిన పిల్లల మలంలో బయటికి వస్తుంది. అందుకని మురుగునీటి నమూనాలు తీసి పరీక్షిస్తుంటారు. 2016లో అంబర్‌పేట దగ్గర తీసిన నమూనాలో టీకా నుంచి పుట్టి మార్పు చెందిన రెండో రకం పోలియో వైరస్ కనిపించింది. చచ్చుబడిన పిల్లవాడు ఒక్కడూ లేడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే చుక్కల మందు నుంచి రెండో రకాన్ని తీసివేశారు. కొత్తగా పుట్టే పిల్లలకు దాని నుంచి రక్షణ తక్కువ. అందుకే ఆలస్యం చేయకుండా జూన్ 20 నుంచి హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ఎంపిక చేసిన ప్రాంతాల్లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు.

ఆ టీకా పిల్లల దాకా చేరాలంటే తల్లులు తలుపు తీయాలి. అంతకు కొన్నేళ్ళ ముందు ఉత్తరప్రదేశ్‌లో మన సముదాయంలోనే చాలా ఇళ్ళు పోలియో చుక్కలకు తలుపు తీయలేదు. సంతానం కలగకుండా చేస్తారన్న పుకారు పాకింది. ఉలమాలు, ఇమాములు, అలీగఢ్, జామియా మిల్లియా వంటి విద్యాసంస్థలు ముందుకొచ్చి నచ్చజెప్పాక ఆ తలుపులు తెరుచుకున్నాయి. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. వ్యాక్సిన్‌తో పాటు నమ్మకం కూడా పనిచేసింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఆగిన చోటు

కబురు విని నిర్ణయం తీసుకోవడం మనకు కొత్త పాఠం కాదు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు ఎదురొచ్చి, షామ్‌లో ప్లేగు వచ్చిందని చెప్పారు. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వేర్వేరుగా పిలిచి సలహా అడిగారు. అభిప్రాయాలు కలవలేదు. చివరికి వెనుదిరగాలని నిర్ణయించారు. దైవ నిర్ణయం నుంచి పారిపోవడం కాదా ఇది అని అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) భావం. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ప్రాంతానికి వెళ్ళవద్దని, మీరున్న చోట వస్తే పారిపోవద్దని దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని తెలిపారు. సహీహ్ బుఖారీలో నమోదైన సంఘటన ఇది.

ఎదురొచ్చిన సేనానులు కబురు దాచలేదు. ఖలీఫా కబురు తెచ్చినవారిని నిందించలేదు. ఈ రెండూ కలిసినప్పుడే సమాచారం ప్రాణం కాపాడుతుంది.

భయం పుట్టినప్పుడు

2020 మార్చిలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా మతప్రచారకుల బృందంలో పదిమందికి కోవిడ్ తేలింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షించాయి, వారు ఉన్న ప్రాంతాన్ని కట్టడి చేశారు, వ్యాధి అదుపులోకి వచ్చింది. అది నిఘా తన పని తాను చేసిన తీరు.

ఆ తరువాత ఢిల్లీ మర్కజ్ సంగతి బయటపడ్డాక వేరే పని మొదలైంది. రోజువారీ లెక్కల్లో ఆ సమావేశానికి సంబంధించిన కేసులను విడిగా చెప్పారు. ఆ అంకె టీవీల్లో, ఫోన్లలో మతం పేరుగా మారింది. కూరగాయలు అమ్ముకునేవారిని కూడా పేరు అడిగి తిప్పిపంపిన రోజులవి. రోగులను మతం, జాతి ఆధారంగా వేరుచేసి చూపడం సరికాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి మైక్ ర్యాన్ ఏప్రిల్ 6న అన్నారు. ఏ సముదాయాన్నీ నిందించవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ కూడా సూచన జారీ చేసింది. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది.

పాత గాయాన్ని రేపడానికి ఇది రాయడం లేదు. ఆ గాయం వల్ల నిఘాకే నష్టం. నింద పడుతుందని తెలిసినవాడు జ్వరాన్ని దాస్తాడు, ఊరు పేరు తప్పు చెబుతాడు, రాత్రికి రాత్రి మరో ఊరు పోతాడు. లెక్క తీసేవారు రోగి గౌరవాన్ని కాపాడాలి. పేరు వైద్యం చేసేవారి దగ్గరే ఉండాలి, పైకి అంకె మాత్రమే పోవాలి. అంత జరిగింది కదా అని మనం తలుపు మూసుకుంటే మాత్రం మొదట నష్టపోయేది మన పిల్లలే.

పేరు రాయించుకుంటే కలిగే మేలుకు క్షయ ఒక ఉదాహరణ. 2012 మే నుంచి క్షయ రోగి వివరాలను ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. నమోదైన రోగికి మందులు ఉచితం. పోషకాహారానికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. దాచుకున్న రోగికి ఇవేవీ రావు. పైగా ఇంటిల్లిపాదికీ రోగం అంటుతుంది.

దాతలు ఏం చేయగలరు?

మొదటిది, మన ఉచిత వైద్య శిబిరాల రిజిస్టరు. శిబిరంలో నలభైమంది జ్వరంతో వస్తే మందులిచ్చి పంపుతాం, రిజిస్టరు బీరువాలో పెడతాం. అందులో పదిహేనుమంది ఒకే వాడవారైతే ఎవరు చూస్తారు? అదే రోజు లక్షణం, వయసు, వాడ, తేదీల సారాంశాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అందజేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. బీదర్‌లో వైద్యానికి మనం సాయం చేసిన రోగికి డెంగీ, మలేరియా, కామెర్లు వంటివి తేలితే ఆ విషయం మన ఏఎన్ఎంకు చెప్పమని కుటుంబాన్ని కోరాలి.

రెండోది, కూలిపోయిన రోజుల రేషన్. చెరకు కొట్టేవాడు, హమాలీ, ఆటో నడిపేవాడు జ్వరం దాచడానికి సిగ్గు కన్నా పెద్ద కారణం కూలి. వారం ఇంట్లో ఉండమని డాక్టరు చెబితే పొయ్యి ఎలా వెలగాలి? ఆ వారం రేషన్ మనమిస్తే అతడు నిజం చెబుతాడు. అలాంటి నిరుపేద కుటుంబం జకాత్‌కు అర్హమైనదే. ప్రచారం, శిక్షణ, నీటి పరీక్ష వంటి ఖర్చులకు సదఖా, లిల్లాహ్ నిధులు వాడుకోవాలి. సందేహముంటే ఉలమాలను అడిగి నడుచుకోవాలి.

మూడోది, నీళ్ళు. మసీదు, మదరసా, షాదీఖానా ట్యాంకులు ఎప్పుడు కడిగారో గోడమీద తేదీ రాయించాలి. వానాకాలానికి ముందు బోరు నీటిని పరీక్షకు పంపించాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న కిట్ ఒకటి కొని, చదువుకున్న పిల్లలకు నేర్పితే చాలు.

నాలుగోది, మాట. ఒకే వాడలో ఇద్దరు ముగ్గురికి ఒకే రకం జబ్బు కనిపిస్తే ఆశా కార్యకర్తకు కబురు చేయమని జుమా రోజు ఇమామ్ సాబ్ ఒక్క నిమిషం చెబితే, అది ఎన్ని కరపత్రాలకైనా సాటి. ఆశా సుమారు వెయ్యిమంది జనాభాకు ఒకరు. ఆమె మన వాడలోకి వచ్చినప్పుడు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి మాట్లాడడం కూడా సేవే. ఆర్ఎంపీ డాక్టర్లు, మెడికల్ షాపులవారు చాలాసార్లు అందరికన్నా ముందు తేడా గమనిస్తారు. వారినీ ఈ పనిలో కలుపుకోవాలి.

జెనీవాలో కూర్చున్న నిపుణుడికి మొగుడంపల్లి ఎక్కడుందో తెలియకపోవచ్చు. మన వాడలో ఒక తల్లి తన బిడ్డ విరేచనాల సంగతి ఆశాకు చెప్పిన రోజున, ఆ నిపుణుడి దాకా పోయే దారిలో మొదటి అడుగు పడుతుంది. ఆ తల్లికి భయం లేకుండా చూడడం మన బాధ్యత.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. మన ఊళ్ళను, పొరుగు ఊళ్ళను, అందరి పిల్లలను రోగాల నుంచి కాపాడుగాక. ఆమీన్.